పేరూ తేదీ లేని సీసా

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. చెన్నైలో ఒక జీవరసాయన ప్రయోగశాలలో మీరు రెండో ఏడాది పరిశోధన చేస్తున్నారు. నలుగురికీ కలిపి ఒకటే బెంచి, ఒకటే సింకు. ఆ నలుగురిలో మీరొక్కరే అమ్మాయి. సీనియరు ఒకాయన వాడిన బీకర్లను రెండేసి రోజులు అలాగే వదిలేస్తారు. ఇంకొకరు తూకం వేసే బ్యాలెన్స్ మీద పొడి ఒలకబోసి తుడవరు. మరొకరి జెల్ ట్యాంకులో బఫర్, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం, ఎండిపోయి తెల్లటి చారలు కడుతుంది. రోజూ సాయంత్రం గంటసేపు అందరివీ మీరే కడుగుతున్నారు. ఒకరోజు విసుగెత్తి బెంచి మొత్తం సర్ది, ఎవరివో తెలియని రెండు ఫ్లాస్కులు పారబోశారు. అవి సీనియరువి కావడంతో పెద్ద గొడవైంది. శుభ్రత గురించి మాట్లాడితే ఆయన "పెనిసిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ బల్ల కూడా ఇలాగే ఉండేది" అన్నారు. ఓర్చుకోవాలా, గైడుకు చెప్పాలా, వేరే చోటు అడగాలా అన్నది మీ సందేహం.

నేను 1999లో గూడూరు నుంచి చదువు కోసం చెన్నై వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆరేళ్ళు పరిశోధక విద్యార్థినిగా, ఆ తర్వాత దాదాపు తొమ్మిదేళ్ళు ఒక మందుల కంపెనీలో నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేశాను. 2016 నుంచి ఒక ఉమ్మడి పరికరాల ల్యాబ్ బాధ్యత చూస్తున్నాను. ఈ మూడు చోట్లా నన్ను నిద్రపోనివ్వనంత కోపం తెప్పించినది మీరు చెప్పిన విషయమే. కాబట్టి మీ కోపం నాకు కొత్త కాదు, అది న్యాయమైనది కూడా. కానీ మీరు అడుగుతున్నదాన్ని కొంచెం మార్చుకోవాలి. మీరు శుభ్రత అడుగుతున్నారు. శుభ్రత ఎంత ఉండాలన్నది ఒక్కొక్కరు పెరిగిన ఇంటిని బట్టి ఉంటుంది, దాని మీద వాదన తెగదు. బెంచి మీద ఉన్న ప్రతి వస్తువుకూ పేరూ తేదీ అడగండి. ఆ రెండూ ఉన్న బెంచి ఎంత గందరగోళంగా ఉన్నా పని చెడదు. ఆ రెండూ లేని బెంచి అద్దంలా మెరుస్తున్నా దాని మీద వచ్చిన ఫలితాన్ని నేను నమ్మను.

నేను ఈ మాట నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. పరిశోధన చేసే రోజుల్లో నా పనిలో సగం ఫాస్ఫేట్ కొలవడమే. ఫిస్కే, సుబ్బారావుల నీలిరంగు పద్ధతి మీకూ తెలిసే ఉంటుంది. భీమవరంలో పుట్టి, ఈ ఊళ్ళోనే మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్ళిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి అది. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఫాస్ఫేట్ దానితో చేరుతుంది, క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది, ఆ రంగును 660 నానోమీటర్ల దగ్గర చదువుతాం. మైక్రోగ్రాముల్లో ఉన్న ఫాస్ఫేట్‌ను కూడా పట్టిస్తుంది. అంత సున్నితం కాబట్టే ఎక్కడి నుంచి వచ్చిన ఫాస్ఫేట్ అయినా దానికి ఒకటే.

ఒక సోమవారం నా బ్లాంక్ నీలంగా వచ్చింది. బ్లాంక్ అంటే నమూనా ఏమీ కలపని గొట్టం, అందులో రంగు రాకూడదు. రియేజెంట్లు, అంటే పరీక్షకు వాడే రసాయన ద్రావణాలు, పారబోసి కొత్తవి చేశాను. స్వేదన జలం మార్చాను. మాలిబ్డేట్ కొత్త సీసా తెప్పించాను. ఒకరోజు బాగానే వచ్చేది, మర్నాడు మళ్ళీ నీలం. మూడో వారం చివర్లో మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రవాడు సింకు దగ్గర నా పరీక్షనాళికలను సబ్బుపొడి వేసి, నురగ వచ్చేలా ఎంతో శ్రద్ధగా తోముతూ కనిపించాడు. ఆ సబ్బులో ఫాస్ఫేట్ ఉంది. ఫాస్ఫేట్ కొలిచే గాజు సామానుకు సబ్బు తగలకూడదు. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, స్వేదన జలంతో చాలాసార్లు తొలపాలి. నేను అందరి ముందూ అతని మీద అరిచాను. అతను ఏమీ అనకుండా చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో కనిపించింది. ఆ ల్యాబ్‌లో అందరికంటే శుభ్రంగా ఉండే మనిషి అతనే. ఎవరూ చెప్పకుండానే నా సామాను కడిగిపెట్టాడు. అవి ఫాస్ఫేట్ పరీక్షకే ప్రత్యేకించినవని ఆ స్టాండు మీద ఎక్కడా రాసి లేదు. ఆ విషయం నా తలలో ఒక్కచోటే ఉంది. మర్నాడు అతనికి క్షమాపణ చెప్పి, స్టాండుకు ఎర్ర టేపు అంటించి "ఫాస్ఫేట్ సామాను, ఆమ్లంతోనే కడగాలి, సబ్బు వద్దు" అని రాశాను. నేను అక్కడ ఉన్న మిగిలిన నాలుగేళ్ళలో ఆ బ్లాంక్ మళ్ళీ నీలం కాలేదు.

ఇప్పుడు మీరు పారబోసిన ఫ్లాస్కుల దగ్గరికి వస్తాను. మీకు కష్టంగా అనిపించినా చెప్పక తప్పదు: అక్కడ తప్పు మీది కూడా. ఆ ఫ్లాస్కుల మీద పేరు రాయకపోవడం ఆయన తప్పు. ఏముందో తెలియకుండా పారబోయడం మీ తప్పు. అది ఆయన పని పోగొట్టినందుకు మాత్రమే కాదు. ఏముందో తెలియని ద్రవాన్ని సింకులో పోయడమే ప్రమాదం. సూక్ష్మజీవులు పెరగకుండా చాలా బఫర్లలో సోడియం అజైడ్ కలుపుతారు. పాత కట్టడాల్లో రాగి, సీసపు గొట్టాలు ఉంటే అజైడ్ వాటితో చేరి పేలే స్వభావమున్న లవణాలుగా మారి లోపల పేరుకుంటుంది. శుభ్రంగా ఉండేవాళ్ళు తరచుగా చేసే పొరపాటు ఇది. ఇతరుల వస్తువులను అందంగా వరుసలో పేర్చేటప్పుడు, ఆ మనిషి తాను ఎక్కడ ఏది పెట్టాడో గుర్తుపెట్టుకున్న క్రమాన్ని చెరిపేస్తాం. ఎడమవైపువి మందు కలిపినవి, కుడివైపువి కలపనివి అని అతను అనుకుని వెళితే, మనం వచ్చి ఎత్తు ప్రకారం సర్దుతాం. ఇకమీదట మీది కానిదాన్ని జరపకండి.

సీనియరు చెప్పిన ఫ్లెమింగ్ మాటకు జవాబు కావాలి, ఎందుకంటే ప్రతి ల్యాబ్‌లోనూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. 1928 సెప్టెంబరులో సెలవుల నుంచి తిరిగొచ్చిన ఫ్లెమింగ్, లండన్ సెయింట్ మేరీ ఆసుపత్రిలోని తన బల్ల మీద పేరుకున్న, సూక్ష్మజీవులను పెంచే పళ్ళేలలో ఒకదాంట్లో బూజు చుట్టూ స్టెఫైలోకోకస్ బాక్టీరియా చచ్చిపోయి ఉండటం గమనించారన్నది నిజమే. ఆయన బల్ల చిందరవందరగా ఉండేదన్నదీ నిజమే. అయితే ఆ పళ్ళెంలో తాను ఏ బాక్టీరియాను నాటారో ఆయనకు తెలుసు. అది తెలియకపోతే ఆ ఖాళీ వలయానికి అర్థమే లేదు. బూజు పట్టిన మరొక పళ్ళెంగా అది చెత్తలోకి పోయేది. ఆ బూజు రసం మందుగా మారడానికి మరో పన్నెండేళ్ళు పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ అనే శాస్త్రవేత్తలు దాన్ని శుద్ధి చేసి, 1940 మేలో ఎనిమిది ఎలుకలకు సూక్ష్మజీవులు ఎక్కించి, నాలుగింటికి మాత్రమే పెనిసిలిన్ ఇచ్చారు. మందు ఇవ్వని నాలుగూ మర్నాటి ఉదయానికల్లా చనిపోయాయి. ఏ ఎలుకకు ఏది ఇచ్చారో రాసుకోకపోతే ఆ ఉదయం వాళ్ళ చేతిలో నాలుగు చచ్చిన ఎలుకలు తప్ప ఏమీ మిగిలేది కాదు. మీ సీనియరుకు ఈ కథ చెప్పి ఆయనను ఓడించమని నేను అనడం లేదు. మీరు మనసులో పెట్టుకుంటే చాలు.

ల్యాబ్‌లో కనిపించే చెత్త అంతా ఒకటి కాదు. కొన్ని కంటికి మాత్రమే ఇబ్బంది. ఎండిన జెల్ ట్యాంకు, తెరిచి వదిలేసిన నోటుపుస్తకాలు, పిపెట్ టిప్పుల ఖాళీ డబ్బాలు, టీ గ్లాసు మరక లాంటివి. టీ గ్లాసు అసలు ల్యాబ్‌లోకే రాకూడదు, అది వేరే విషయం. వీటిని వదిలేయండి. నిజంగా వదిలేయండి. వీటి మీద నోరు పారేసుకుంటే, అసలైనదాని గురించి మాట్లాడవలసిన రోజున మీ మాటకు బరువుండదు.

రెండో రకం ఫలితాన్ని చెడగొట్టేవి. వీటిలో మొదటిది బ్యాలెన్స్. మిల్లీగ్రాములో పదో వంతు తూచే యంత్రం మీద ఎవరో వదిలిన పొడి మీ తూకంలోకి వస్తుంది. మన చెన్నై గాలిలో తేమ సంగతి మీకు తెలుసు. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళ ఒకటి పళ్ళెం పక్కన పడితే కాసేపటికే చెమర్చి, జిగటగా కరిగి, కింద ఉన్నదాన్ని తినడం మొదలుపెడుతుంది. మధ్యాహ్నం పడినదాన్ని సాయంత్రం తుడుద్దామంటే అక్కడ బిళ్ళ ఉండదు, ఒక తడి మచ్చ ఉంటుంది. అది ఏమిటో తెలియక వేలితో తాకినవాళ్ళను చూశాను. పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్ రెండోది. దాన్ని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. గాలికి ఎండబెట్టినా, స్వేదన జలంలో రాత్రంతా వదిలేసినా కొన్నాళ్ళకు అది అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. దాని మీద ఆధారపడి అందరూ బఫర్లు చేస్తారు. ఒకరి అజాగ్రత్త నలుగురి నోటుపుస్తకాల్లోకి చేరుతుంది, ఎవరికీ తెలియదు.

మూడో రకం మనిషికి హాని చేసేవి. వీటి విషయంలో మాత్రం ఓర్పు అక్కరలేదు, ఒక్క రోజు కూడా ఆగవద్దు. పేరు లేని వ్యర్థాల సీసా అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఆర్‌ఎన్‌ఏ తీయడానికి వాడే రియేజెంట్లలో గ్వానిడిన్ థయోసయనేట్ ఉంటుంది. అది ఉన్న సీసాలో సూక్ష్మజీవులను చంపుదామని ఎవరైనా బ్లీచ్ పోస్తే సయనైడ్‌తో కూడిన విషవాయువులు వస్తాయి. బ్లీచ్‌లో ఆమ్లం పడితే క్లోరిన్. సేంద్రియ ద్రావకాల సీసాలో నైట్రిక్ ఆమ్లం పోసి మూత బిగిస్తే కాసేపటికి సీసా పగులుతుంది. ఇవన్నీ మంచి మనసుతో శుభ్రం చేయబోయినవాళ్ళకే జరుగుతాయి, అదే నన్ను భయపెడుతుంది. ఈథర్ సీసా తెరిచిన తేదీ రాయకపోతే లోపల పేలే స్వభావమున్న పెరాక్సైడ్లు ఎంత పేరుకున్నాయో మూత తిప్పేవాడికి తెలియదు. ఫినాల్ చర్మం మీద పడితే మొదట మంట కూడా సరిగా తెలియదు, ఎందుకంటే అది ఆ చోటును మొద్దుబారుస్తుంది. బెంచి మీద పడిన చుక్కను నీళ్ళనుకుని మోచేయి ఆనించిన అమ్మాయిని నేనే సింకు దగ్గరికి లాక్కెళ్ళాను. డీఎన్‌ఏకు రంగు వేసే ఇథిడియం బ్రోమైడ్ అనే హానికర రసాయనం తగిలిన గ్లవ్స్‌తో తలుపు పిడి పట్టుకునే అలవాటు ఎవరికైనా ఉంటే, ఒక సాయంత్రం దీపాలార్పి అతినీలలోహిత దీపం పట్టి ఆ పిడిని అందరికీ చూపించండి. నారింజరంగు వేలిముద్రలు కనిపిస్తే ఇక మాటలతో పని ఉండదు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. మేము పనిచేసే అంతస్తులో గాజు సామాను కడిగి, చెత్త సంచులు కిందికి దించే ఆవిడను అందరం అక్కా అనే పిలిచేవాళ్ళం. ఒకరోజు మామూలు చెత్త సంచిలో ఎవరో పడేసిన సర్జికల్ బ్లేడు ఆవిడ అరచేతిని కోసింది. ఆ బ్లేడు దేనికి వాడారో, మీద ఏముందో చెప్పగలిగినవాళ్ళు లేరు. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అదే. మానవ రక్తమా, ఎలుక కణజాలమా, ఏమీ లేదా? నేను నోరెత్తలేకపోయాను. తెలియదు కాబట్టి అన్నిటికంటే చెడ్డది జరిగిందనుకునే చికిత్స మొదలుపెట్టారు. పరీక్షల కోసం ఆవిడ నెలల తరబడి తిరిగింది. చివరికి ఏ హానీ జరగలేదు, కానీ ఆ నెలల్లో ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం పదునైనవి గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో, గాజు నీలంలో, కలుషితమైన ప్లాస్టిక్ ఎర్రసంచిలో, మెత్తని కలుషిత వ్యర్థాలు పసుపుపచ్చ సంచిలో పడాలి. మీ గదిలో తెల్లని డబ్బా లేకపోతే అది రేపే రావాలి. దీని కోసం గైడు దగ్గరికి వెళ్ళడానికి మీరు ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. మన చెత్తను మోసేవాళ్ళకు అందులో ఏముందో చదివే అవకాశం లేదు, వాళ్ళ తరఫున మనమే చదవాలి.

పేర్ల గురించి ఇంత పట్టుబట్టడానికి ఇంకొక కారణం, 2016 డిసెంబరు 12. వర్దా తుఫాను ఊరి మీదికి వచ్చిన రోజు. గిండీ, అడయారు ప్రాంతాల్లో చెట్లు రోడ్లకు అడ్డంగా కూలాయి. కరెంటు పోయింది, జనరేటరుకు డీజిల్ తెచ్చే దారి లేదు. మర్నాటికి ఫ్రీజర్ అడుగున నీళ్ళు కనిపించడం మొదలైంది. మా దగ్గర ఉన్నవి మూడు థర్మోకోల్ పెట్టెలు, ఒక ఐస్ ఫ్యాక్టరీ నుంచి బతిమాలి తెచ్చిన కొద్దిపాటి మంచు. అన్నిటికీ చోటు లేదు. ఇద్దరం టార్చి పట్టుకుని ఒక్కొక్క డబ్బా తీసి చదివాం. పేరు, ఏముందో, ఏ తేదీదో ఉన్నవి పెట్టెల్లోకి వెళ్ళాయి. ఏమీ రాయనివి, రాసినా మార్కరు సిరా చెరిగిపోయినవి బయటే ఉండిపోయాయి. వాటిలో ఒకటి నాకెంతో ఇష్టమైన సహోద్యోగి ఏడాది పాటు శుద్ధి చేసిన ప్రోటీన్. ఆయన రెండు రోజుల తర్వాత నడుచుకుంటూ వచ్చి ఆ డబ్బా ముందు నిలబడ్డారు. ఆయన ఏ రోజూ ల్యాబ్‌ను మురికి చేసినవారు కాదు. రాయడం ఒక్కటే వాయిదా వేసేవారు.

కాబట్టి రాసే పద్ధతి గురించి. సీసా మీద "బఫర్" అని రాయడం ఏమీ రాయకపోవడంతో సమానం. ఏ బఫర్, ఎంత గాఢత, ఏ పీహెచ్, ఎవరిది, ఏ రోజు చేసినది, అజైడ్ లాంటిది కలిపి ఉంటే అది, ఇవన్నీ ఉండాలి. ఆల్కహాలు తగిలితే మార్కరు సిరా చెరిగిపోతుంది, మనం రోజంతా బెంచిని తుడిచేది ఆల్కహాలుతోనే. పెన్సిల్ రాత చెరగదు. కాగితపు టేపు మీద పెన్సిల్‌తో రాసి, దాని మీద పారదర్శక టేపు అంటిస్తే ఫ్రీజర్‌లో ఏళ్ళ తరబడి ఉంటుంది. మూత మీద మాత్రమే రాయకండి, మూతలు మారిపోతాయి.

ఇప్పుడు మీ సీనియరుతో ఎలా మాట్లాడాలన్నది. ఆయనను మీరు అన్నా అని పిలుస్తారని రాశారు. మంచిదే, ఆ పిలుపును కాపాడుకోండి. "ఎందుకు కడగరు" అని అడిగితే అది ఆయన స్వభావం మీద తీర్పు అవుతుంది, ఏ సీనియరూ జూనియరు నుంచి దాన్ని తీసుకోలేరు. బెంచి మీద బీకరు కనిపించినప్పుడు "అన్నా, ఇందులో ఏముంది? ఎప్పటిది?" అని అడగండి. మామూలు గొంతుతో, పని కోసం తెలుసుకుంటున్నట్టే అడగండి, నిజంగానే మీకు తెలియాలి కూడా. జవాబు రాగానే పక్కనే ఉన్న టేపు మీద రాసి అంటించమని టేపు చేతికివ్వండి. మీరు రాసి అంటించకండి. మా ల్యాబ్‌లో అందరూ తమిళులే, నేను చేరిన కొత్తలో "ఇదు యారోడదు?" అంటే ఇది ఎవరిది అన్న మాట రోజుకు పదిసార్లు అనేదాన్ని. రెండు వారాలకు నేను గదిలోకి వస్తుంటేనే టేపు వెతుక్కోవడం మొదలైంది. నాలుగైదు నెలలకు నన్ను చూడకపోయినా రాసేవాళ్ళు.

దానితోపాటు ఆయన ఎందుకు వదిలేస్తున్నారో కూడా చూడండి. 2019 ఎండాకాలంలో చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు అడుగంటినప్పుడు మా భవనంలో నీళ్ళు పొద్దున కాసేపే వచ్చేవి. కండలేరు నుంచి పూండికి వచ్చే కృష్ణా నీళ్ళ గురించి మా ఊరివాళ్ళకు ఫోను చేసి అడిగేదాన్ని. ఒక లీటరు స్వేదన జలం తీయడానికి దానికి ఎన్నో రెట్ల నీరు చల్లబరచడానికే కావాలి, అదీ ఆగిపోయింది. సాయంత్రం ఆరింటికి ప్రయోగం ముగించేవాళ్ళకు కడగడానికి నీళ్ళు లేవు. నేను రెండు వారాల పాటు వాళ్ళను బద్ధకస్తులనుకున్నాను. కారణం తెలిశాక పొద్దునే నీళ్ళు పట్టి పెట్టుకునే ఒక పెద్ద టబ్బు కొన్నాం. వాడిన గాజు సామాను వెంటనే అందులో మునిగేది. ప్రోటీన్ ఎండితే గాజుకు పట్టుకుంటుంది, తడిగా ఉంటే మర్నాడు ఒక్కసారి తోమితే పోతుంది. కరవు తీరాక కూడా ఆ టబ్బు తీయలేదు. మీ సింకు పక్కన ఆరబెట్టడానికి చోటుందా? మీ సీనియరుకు సెంట్రిఫ్యూజ్, అంటే గొట్టాలను వేగంగా తిప్పే యంత్రం, ఎన్ని గంటలకు దొరుకుతోంది? రాత్రి తొమ్మిదింటికి దొరికితే, ఆయన బీకర్లు మర్నాటికి ఉండటంలో ఆయన తప్పు ఎంత?

రోజూ గంటసేపు కడగడం మాత్రం ఈ రోజే ఆపండి. ఇది కఠినంగానే చెబుతున్నాను. మీరు నిశ్శబ్దంగా కడిగినంత కాలం ఆ పని ఉందన్న సంగతే వాళ్ళ కంటికి ఆనదు. నలుగురిలో ఒక్క అమ్మాయి ఉంటే సింకు ఆమెదైపోవడం నేను పాతికేళ్ళుగా చూస్తున్నాను. ఎవరూ ఆమెకు ఆ పని అప్పగించరు. ఆమె మొదటిరోజు చేస్తుంది, పదో రోజుకు అది ఆమె పని అవుతుంది, ఏడాది తర్వాత ఆమె ప్రయోగాలు వెనకబడ్డాయని గైడు అడుగుతారు. రోజుకు ఒక గంట అంటే వారానికి ఒక పనిదినం దాకా పోతోంది. అది మీ పరిశోధన నుంచి పోతోంది.

దాని బదులు నలుగురూ కూర్చుని ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్కరిని బాధ్యులుగా రాసుకోండి. బ్యాలెన్స్ ఒకరిది, పీహెచ్ మీటరు ఒకరిది, వ్యర్థాల సీసాలు ఒకరివి, సింకు, టబ్బు ఒకరివి. బాధ్యులు అంటే అందరి తరఫునా శుభ్రం చేసేవాళ్ళు కాదు, చెడిపోతే ఎవరు వాడారో అడిగేవాళ్ళు. నెలకోసారి మార్చుకోండి. బ్యాలెన్స్ మొదటి నెల తుడవని ఆయనకే ఇవ్వండి. ఇతరులు ఒలకబోసిన పొడి తనకు కనిపించడం మొదలయ్యాక ఆయన చేతికే బ్రష్షు వస్తుంది. పేరు లేని వస్తువుల కోసం, విషవాయువులను బయటికి లాగే ఫ్యూమ్‌హుడ్‌లో ఒక ట్రే పెట్టండి. ఏముందో తెలియని సీసా దేన్నైనా అందులో ఉంచి, దొరికిన తేదీ మాత్రం రాయండి. వారం రోజులు ఎవరూ అడగకపోతే, తెలియని ప్రమాదకర వ్యర్థంగానే భావించి మీ సంస్థ భద్రతా విభాగానికి అప్పగించండి. సింకులో పోయకండి.

గైడు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? మనుషులకు హాని కలిగే విషయానికి వెంటనే. మిగిలినవాటికి, పైన చెప్పినవన్నీ రెండు నెలలు చేసి చూశాక. వెళ్ళినప్పుడు ఒక్క విషయమే తీసుకెళ్ళండి, అది కూడా పోయిన పని లెక్కలో. "ఆయన శుభ్రంగా ఉండరు" అంటే గైడు నవ్వి పంపేస్తారు. "బ్యాలెన్స్ మీద మిగిలిన పొడి వల్ల నా ప్రమాణ ద్రావణం మూడుసార్లు తప్పింది, పన్నెండు రోజులు పోయాయి, నోటుపుస్తకంలో తేదీలు ఇవి" అంటే కుర్చీలోంచి లేస్తారు. ఫొటో తీయవలసి వస్తే వస్తువును తీయండి, మనిషిని తీయకండి, దాన్ని అందరూ ఉన్న గ్రూపులో పెట్టకండి. చోటు మార్పు ఇప్పుడే అడగవద్దు. వాళ్ళు దాన్ని తమ మీద ఆరోపణగానే తీసుకుంటారు, కొత్త బెంచి మీద కూడా మీతో పాటు ముగ్గురుంటారు.

వీటన్నిటికంటే ముందు రేపు పొద్దున చేయవలసినది ఒకటుంది. మీ సీనియరు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి, "అన్నా, ఆ రోజు మీ ఫ్లాస్కులు అడగకుండా పారబోయడం నా పొరపాటు, వాటిలో ఏముండేదో చెప్పండి" అని అడగండి. శుభ్రత మాట ఎత్తవద్దు. ఆయన చెప్పినది మీ నోటుపుస్తకంలో రాసుకోండి. మళ్ళీ తయారు చేయడానికి ఒక పూట పడితే ఆ పూట ఆయన పక్కన నిలబడి తూచి ఇవ్వండి. ద్రావణం సిద్ధమయ్యాక టేపు, పెన్సిల్ ఆయన ముందు పెట్టండి.